చేతిసాయం

గుడివాడ,
12 జూలై 1998.

అన్నయ్యకు,

పేపరు చూశాను. ఆదివారం జిల్లా పేజీలో సగం నీకే ఇచ్చారు. పనసదుంగ మీద చెయ్యేసి, పైపంచె సర్దుకుని బాగానే పడ్డావు ఫోటోలో. మా ఆయన పొద్దున్నే వెళ్ళి రెండు కాపీలు తెచ్చారు, ఒకటి చదవడానికీ ఒకటి దాచుకోవడానికీ. నేను పైకి చదివి వినిపించేదాకా ఆయన సంతోషంగానే ఉన్నారు పాపం.

మూడో పేరాలో నువ్వన్న మాట ఇక్కడ రాస్తున్నాను, మర్చిపోయి ఉంటావేమోనని. "వీణకి మేళం కట్టడం, అంటే మైనంలో ఇరవై నాలుగు మెట్లూ నిలబెట్టి స్వరం తేల్చడం, మా వంశంలో తండ్రి కొడుక్కి చెప్పే విద్య. మా చెల్లెలు కాస్త చేతిసాయం చేస్తుంది."

చేతిసాయమా? పెళ్ళిలో విస్తళ్ళు వేసేవాళ్ళది చేతిసాయం. వదిన పిండి రుబ్బుతుంటే పక్కింటామె వచ్చి కాసేపు పొత్రం తిప్పితే అది చేతిసాయం. ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంట్లోంచి బయటికెళ్ళిన ప్రతి వీణకీ మేళం కట్టింది నేను. పెళ్ళయి గుడివాడ వచ్చాక కూడా నెలకోసారి పాసింజరెక్కి వచ్చి, నాలుగేసి రోజులు వెనక గదిలో కుంపటి పక్కన కూర్చుని కట్టాను. ఏడో నెల కడుపుతో వచ్చి, మైనం పొగకి వాంతులవుతుంటే పెరట్లోకి వెళ్ళొచ్చి మళ్ళీ కూర్చున్నాను. నీలాగా పనసకర్ర చెక్కేవాడు ఈ జిల్లాలో లేడు, ఆ మాట ఎవరడిగినా చెప్తాను, చెప్పాను కూడా. కానీ నువ్వు ఇంతవరకూ ఒక్క మెట్టు నిలబెట్టలేదు. నిలబెట్టడం నీకు రాదు. ఆ సంగతి నీకూ నాకూ వదినకూ తెలుసు.

ఫోటో ఇంకోసారి చూడు. కుడి అంచున ఒక చెయ్యి ఉంటుంది, కాఫీ గ్లాసు పట్టుకుని. మణికట్టు దాకానే వేశారు. అది నాది.

ఈ నెల రాను. రాజబాబు మందుల షాపుకి ఫోను చేసి నన్ను పిలిపించొద్దు, వెళ్ళను. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే ఉత్తరం రాయి. నోటితో అన్నదైతే అనలేదనొచ్చు, రాసింది రాయలేదనలేవు.

కనకరత్నం


మచిలీపట్నం,
18 జూలై 1998.

చెల్లాయ్ రత్నం,

నీ ఉత్తరం మీ వదిన చదివి వినిపించింది. నేను చదువుకుంటే కోపం వస్తుందని తనే చదివింది. అయినా వచ్చింది.

ఆ పేపరు విలేకరి చెప్పాపెట్టకుండా వచ్చాడు. బాడిశ చేతిలో ఉండగా యాభై ప్రశ్నలు వేశాడు. నోటికొచ్చింది చెప్పాను. అయినా ఏం చెప్పమంటావు? మా ఇంట్లో ఆడపిల్ల కూర్చుని కడుతుందని చెప్తే రేపు వీణ కొనడానికి వచ్చినవాడు ఏమనుకుంటాడు? నాన్న బతికున్నన్నాళ్ళూ "మావాడు కట్టాడండీ" అనే చెప్పాడు. నువ్వు తలుపు పక్కనే నుంచుని వినేదానివి. అప్పుడు రాని రోషం ఇప్పుడెందుకొచ్చింది?

చేతిసాయం అంటే ఏమన్నా బూతుమాటా? నీ చెయ్యి మంచిదనేగా. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లని ఇన్నేళ్ళు పుట్టింటి పనిలో చెయ్యి పెట్టనిచ్చిన ఇల్లు మనవాళ్ళలో ఇంకోటి చూపించు. బావగారు మంచివారు కాబట్టి పంపిస్తున్నారు, నేను మంచివాణ్ణి కాబట్టి రానిస్తున్నాను. ఆ మాత్రం ఆలోచించకుండా ఉత్తరాలు రాస్తున్నావు.

అవనిగడ్డ ఉమాదేవి టీచరుగారి వీణ పూర్తయింది, మేళం ఒక్కటే తరువాయి. పదకొండు నెలలు చెక్కాను దాన్ని, కుండా దండీ కొసన యాళి మృగం ముఖమూ అంతా ఒకే దుంగలోంచి తీశాను. అతుకన్నది లేదు. దసరాల్లో ఆవిడ కచేరీ ఉంది, ఆగస్టు దాటకుండా ఇస్తానని మాటిచ్చాను. బుధవారం పాసింజరుకి రా. స్టేషనుకి వస్తాను. మీ వదిన గోంగూర నూరి ఉంచుతానంటోంది.

శోభనాద్రి


గుడివాడ,
24 జూలై 1998.

అన్నయ్యకు,

చెయ్యి పెట్టనిచ్చావా! నువ్వు పెట్టనిస్తే పెట్టానా నేను?

నాన్న మనిద్దర్నీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టిన రోజు గుర్తుందా? నీకు పద్దెనిమిది, నాకు పదిహేను. ఆయన వెనకాల ఒకే తీగని రెండుసార్లు మీటి "ఒకటేనా, వేరా?" అని అడిగేవాడు. రెండోసారి మెట్టుని గోరంత జరిపేవాడు. నువ్వు ప్రతిసారీ "ఒకటే నాన్నా" అన్నావు. నేను వేరన్నాను, పైకి వెళ్ళిందో కిందికి దిగిందో కూడా చెప్పాను. వారం రోజులు అలా చూసి, ఎనిమిదో రోజు నీకు బాడిశ ఇచ్చాడు, నాకు మైనం గిన్నె ఇచ్చాడు. వీడి చేతికి కర్ర లొంగుతుంది, దీని చెవికి తీగ లొంగుతుంది అని అమ్మతో అన్నాడు. అమ్మకి మాత్రం చెప్పాడు, వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆయన మీదా నాకు కోపమే. పోయి పదమూడేళ్ళయింది కదా అని మానేయలేదు.

ఇంకో మాట కూడా చెప్తాను, ఇది నీకు తెలీదు. ఎవరన్నా వీణ పురమాయించడానికి వస్తే నాన్న అమ్మని కాకుండా నన్నే కాఫీ తెమ్మనేవాడు. ఎందుకనుకున్నావు? వాళ్ళు గ్లాసు ఎలా పట్టుకుంటారో చూడమని. వేడి గ్లాసుని గుప్పిట్లో బిగించి పట్టుకునేవాళ్ళు తీగని కూడా అలాగే నొక్కుతారు. అంచు మీద రెండు వేళ్ళతో పట్టుకునేవాళ్ళు మెత్తగా నొక్కుతారు. ఎవరి నొక్కుడుకి తగ్గట్టు వాళ్ళకి మెట్లు నిలబెట్టాలి. ఇరవై రెండేళ్ళు నువ్వు నన్ను కాఫీలిచ్చే చెల్లెలనుకున్నావు. నేను అప్పుడే పనిలో ఉండేదాన్ని.

నాకు కావాల్సింది ఒకటే. ఆ పేపరువాడికే ఉత్తరం రాయి, మేళం కట్టేది మా చెల్లెలు కనకరత్నం అని. నాలుగు ముక్కలు చాలు. వాళ్ళు వేసిన రోజు సాయంత్రం బండికే వస్తాను.

వదినని గోంగూర నూరొద్దను.

కనకరత్నం


మచిలీపట్నం,
10 ఆగస్టు 1998.

రత్నానికి,

నువ్వు రానక్కర్లేదు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

బెజవాడ వెళ్ళి శ్రుతిపెట్టె కొనుక్కొచ్చాను. అరచేతిలో పట్టేంత ఉంటుంది. తీగ మీటి దాని ముందు పెడితే ముల్లు కదులుతుంది, స్వరం సరిపోతే పచ్చలైటు వెలుగుతుంది. అంతే. నాన్న గోడవైపు తిప్పి కూర్చోబెట్టి చేసిన హంగామా అంతా ఒక పచ్చలైటు! ఉమాదేవి గారి వీణకి మూడు రోజుల్లో నేనే మేళం కట్టేశాను. ఇరవై నాలుగు మెట్లకి ఇరవై నాలుగుసార్లు పచ్చలైటు వెలిగింది. మీ వదినే సాక్షి.

మైనం కాచడం కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. ఆవిడొచ్చి వీణ తీసుకెళ్ళారు, చెక్కుడు చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

పేపరుకి ఉత్తరం రాయను. రాస్తే ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. నాన్ననీ అబద్ధాలకోరు చేసినట్టవుతుంది. నువ్వు సుఖంగా ఇంటిపట్టున ఉండు. బావగారికి వేళకి అన్నం దొరుకుతుంది.

శోభనాద్రి


గుడివాడ,
8 సెప్టెంబరు 1998.

బందరు వీణల తయారీదారు శోభనాద్రాచారి గారికి,

నిన్న మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఉమాదేవి గారు దిగారు, దుప్పట్లో చుట్టిన వీణతో. మీ ఇంటికి రెండుసార్లు వెళ్తే మీరు ఊళ్ళో లేరట. నా అడ్రసు ఎవరిచ్చారో నాకు తెలుసు, చెప్పను.

ఆవిడ కూర్చోకుండానే అన్న మాట ఇది. "మీరు అన్నయ్యగారికి చేతిసాయం చేస్తారటగా అమ్మా, పేపర్లో చదివాను. పెద్ద పని కాదు, ఈ నాలుగు మెట్లూ కాస్త నొక్కిపెడితే ఆయన వచ్చేదాకా నెట్టుకొస్తాను."

మీ మాట ఎంత దూరం వచ్చిందో చూశారా? అవనిగడ్డ దాకా వెళ్ళి, తిరిగి నా గుమ్మంలోకి వచ్చింది.

కాఫీ ఇచ్చాను. అంచు మీద రెండు వేళ్ళతో పట్టుకున్నారు, పిట్టని పట్టుకున్నట్టు. అప్పుడే అర్థమయింది నాకు, వీణ విప్పకుండానే. మీది వడ్రంగి వేలు. బాడిశ పట్టిన వేలు. మీరు నొక్కితే తీగ కిందికి సాగి, స్వరం ఒక పిసరు పైకి పోతుంది. ఆ పైకి పోయినదాన్ని చూసి పెట్టె పచ్చలైటు వేసింది. పెట్టె అబద్ధం చెప్పలేదు, మీ వేలికి సరిపోయేట్టు కట్టించింది. ఇప్పుడు అది మీరు వాయించుకోవలసిన వీణ. ఆవిడ నొక్కితే ఏ స్వరమూ తన చోటికి రావడం లేదు, కిందే వేలాడుతోంది. ఆవిడ నెలరోజులు తన చెవికే ఏదో జబ్బు చేసిందనుకున్నారట. అరవై ఏళ్ళ మనిషి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. మైనం సంగతి ఇక వేరే చెప్పాలా, ఎండాకాలం పాకం వానాకాలంలో పోశారు, మెట్లు పాలపళ్ళలా కదులుతున్నాయి.

ఆవిడ ఇంకో మాట అన్నారు. "ఇది మీ అన్నయ్యగారి చెయ్యి కాదమ్మా. ఆయన కట్టిన వీణలు మా శిష్యుల దగ్గర తొమ్మిదున్నాయి, నాకు తెలుసు. దీన్ని ఎవరో కొత్తవాళ్ళతో కట్టించి ఉంటారు."

జీవితంలో మొదటిసారి నువ్వు నీ చేత్తో కట్టిన మేళం చూసి, ఇది ఆయన చెయ్యి కాదు అన్నారురా అన్నయ్యా.

నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో నాకే తెలీదు. మన ఇంటి పరువనుకున్నాను కాబోలు. రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. పేపరులో నువ్వు చెప్పిన అబద్ధం ఎంతో, నిన్న నా నోరు మూసుకోవడం కూడా అంతే.

వీణ నా దగ్గరే ఉంది. మెట్లన్నీ ఊడబీకాను. మళ్ళీ కట్టాలంటే నాకు ఇప్పుడు పేపరు అక్కర్లేదు. వీణ కింద కొట్టే ఇత్తడి రేకు ఉంది కదా, 'పోతులూరాచారి అండ్ సన్, బందరు' అని, దాని మీద నా పేరు కావాలి. అంతవరకూ ఇది కర్రే.

కనకరత్నం


మచిలీపట్నం,
13 సెప్టెంబరు 1998.

రత్నం,

నీ ఉత్తరం ఈసారి నేనే చదువుకున్నాను. అడ్రసు ఎవరిచ్చారో నాకూ తెలుసు. మీ వదిన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, తప్పు తను చేసి.

ఊళ్ళో లేకపోవడం కాదు. టీచరుగారు వచ్చినప్పుడు రెండుసార్లూ పెరట్లోనే ఉన్నాను. బయటికి రాలేకపోయాను. పెట్టె అటక మీద పడేశాను.

నీ మాటే నెగ్గింది. చిలకలపూడిలో నకిషీ చేసేవాడి దగ్గర కూర్చుని కొత్త రేకు చెక్కించాను. దీంతోపాటు గుడ్డలో చుట్టి పంపుతున్నాను. పేపరులో నీ పేరు లేకుండా వచ్చిందని కదా నీ బాధ. ఇందులో పేరుతో సహా ఉంది, ఇత్తడి మీద, చెరిగిపోయేది కాదు. మన వంశంలో ఆడపిల్ల పేరు వీణ మీదికి ఎక్కడం ఇదే మొదలు. నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు, నేను ఒప్పుకున్నాను. అది గుర్తుపెట్టుకో.

నవరాత్రులకి వారమే ఉంది. తొందరగా కట్టి పంపు.

శోభనాద్రి

(రేకు మీద ఇలా ఉంది, నకిషీవాడు తప్పులు చెక్కాడేమో సరిచూసుకో:
వీణ: శోభనాద్రాచారి, బందరు.
చేతిసాయం: కనకరత్నం, గుడివాడ.)


గుడివాడ,
18 సెప్టెంబరు 1998.

అన్నయ్యకు,

రేకు అందింది. చదివి నవ్వాను. ఎందుకు నవ్వుతున్నావని మా ఆయన వంటింట్లోకి వచ్చేసరికి ఏడుస్తున్నాను. ఆయన రేకు చదివి బజారుకెళ్ళిపోయారు.

నువ్వు కావాలని చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నువ్వు కావాలని చెయ్యలేదు. నకిషీవాడి పక్కన కూర్చుని, మంచిపని చేస్తున్నాననుకుంటూ చేయించావు. అదే నాకు ఒళ్ళు మండిపోతోంది.

మేళం కట్టాను. ఆవిడ వేళ్ళకి కట్టాను. ఆవిడ ఇవాళ పొద్దున్నే వచ్చి కూర్చుని రెండు గంటలు వాయించి చూసుకున్నారు. "నా చెవి బాగానే ఉందమ్మా" అని నా చెయ్యి పట్టుకున్నారు. రేపు బస్సులో వీణ నీ దగ్గరికి పంపుతున్నాను, ఆదివారం ఆవిడ అక్కడికే వచ్చి తీసుకెళ్తారు. చెక్కినవాడి చేతులమీదుగా అందుకోవాలట.

రేకు నేను కూడా ఇక్కడ ఒకటి చెక్కించాను. మాటలన్నీ నీవే, ఒక్కటి మార్చలేదు. పేర్లు మాత్రం అటుదిటూ ఇటుదటూ.

వీణ: కనకరత్నం, గుడివాడ.
చేతిసాయం: శోభనాద్రాచారి, బందరు.

దాన్ని వీణ కింద మేకులతో కొట్టలేదు. చివరి మెట్టు పక్కన మైనంలోనే దించాను. పీకితే ఆ మెట్టు కదులుతుంది. కదిలితే నిలబెట్టడం నీకు రాదు.

కనకరత్నం


మచిలీపట్నం,
4 అక్టోబరు 1998.

రత్నం,

బస్సులోంచి వీణ దించి, గుడ్డ విప్పి, రేకు చూశాను. ఉలి తీసుకొచ్చాను పీకడానికి. మీ వదిన గుమ్మంలో నుంచుని చూస్తోంది, వద్దనలేదు. చివరి మెట్టు చూసి ఉలి కింద పెట్టేశాను.

మర్నాడు ఆదివారం ఉమాదేవి గారు వచ్చారు. వీణ ఒళ్ళో పెట్టుకుని చేత్తో అంతా తడిమారు. రేకు దగ్గర ఆగి, కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తలెత్తి చాలా మర్యాదగా అడిగారు. "అయితే మీరేం చేతిసాయం చేస్తారండీ?"

పదకొండు నెలలు చెక్కాను రత్నం. ఆ దుంగ నాగాయలంక నుంచి పడవ మీద తెప్పించి, మూడేళ్ళు నీడన ఆరబెట్టి, యాళి కోరలు ఒక్కొక్కటీ పదిహేను రోజులు చెక్కాను. వేలు తెగి నాలుగు కుట్లు పడ్డాయి. నేనేం చేతిసాయం చేస్తానట! ఒళ్ళంతా మండింది. ఆవిడ తప్పేం లేదు, చదివిందే అడిగారు.

ఆ కోపం నాలుగు రోజులుంది. అన్నం సయించలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మీ వదిన కంచం ముందు పెట్టి, ఒకే ఒక్క మాట అంది. "మీకు నాలుగు రోజులు, ఆ పిల్లకి ఇరవై రెండేళ్ళు."

చదువుతుంటే నీకు ఇంకా కోపం వస్తుందేమో, అయినా రాస్తున్నాను. నాకు తెలీలేదు రత్నం. రాయి తగిలితే ఎంత నొప్పో తగిలినవాడికే తెలుస్తుందన్నది మాట వరసకి అనుకునేవాణ్ణి.

కచేరీకి అవనిగడ్డ వెళ్ళాను, వెనక కూర్చున్నాను. నా చెవి సంగతి నీకు తెలుసుగా, రెండింటికీ తేడా చెప్పలేను. కానీ మనుషుల మొహాలు చూశాను. అయిపోయాక ఆవిడ దగ్గరికెళ్ళి చెప్పేశాను, మీ శిష్యుల దగ్గరున్న తొమ్మిదింటికీ మేళం కట్టింది మా చెల్లెలేనండీ, నేను కట్టింది మీరు వెనక్కి తెచ్చిన ఆ ఒక్కటే అని. ఆవిడకి ఎవరో కాఫీ తెచ్చిచ్చారు. గ్లాసు అంచు మీద రెండు వేళ్ళు. మొదటిసారి చూశాను.

పేపరువాడికి కూడా రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. వేస్తాడో లేదో వాడిష్టం. చీటీ నా దగ్గరుంది.

కొత్త రేకులు చేయించాలి. ఏం చెక్కించాలో నాకు రాయడం రాదని తేలిపోయింది. నువ్వే రాసి పంపు.

అన్నయ్య


గుడివాడ,
9 అక్టోబరు 1998.

అన్నయ్యా,

ఉత్తరం రెండుసార్లు చదివాను. కోపం తగ్గలేదు. నీ మీద సగం తగ్గిందేమో, నాన్న మీద అలాగే ఉంది, ఆయనకి ఉత్తరం రాయడానికి లేదు. నువ్వు నాలుగు రోజులు అన్నం మానేశావని జాలిపడతాననుకోకు. నేను ఒక్కపూట కూడా మానలేదు, తిని పని చేశాను.

యాళి కోరలు నేను చూడలేదనుకున్నావా? మేళం కట్టిన మూడు రోజులూ ఎదురుగా పెట్టుకున్నాను. నాన్న చెక్కినవాటికన్నా బాగున్నాయి. ఆ మాట నీ రేకు మీద లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

రేకు మీద ఇది చెక్కించు. సాయం, గీయం, అండ్ సన్, ఏమీ వద్దు. ఎవరు ఏం చేశారో అది చాలు.

చెక్కింది శోభనాద్రి.
మేళం కట్టింది కనకరత్నం.
బందరు.

అక్షరం మారిందంటే వెనక్కొస్తుంది.

బుధవారం పాసింజరుకి వస్తున్నాను. స్టేషనుకి రానక్కర్లేదు, దారి నాకు తెలుసు. ఎవరన్నా వీణకోసం వస్తే కాఫీ నేనే ఇస్తాను, వదినని ఇవ్వనివ్వొద్దు. ఇచ్చి లోపలికి మాత్రం వెళ్ళను. నేను వచ్చేసరికి కుంపటి వీధిగదిలోకి మార్పించు.

కనకరత్నం